బండి మిస్ కొడుతున్నప్పుడే బానెట్ ఎత్తాలి

(వరంగల్‌లో పికప్ డ్రైవర్లు, డీజిల్ మెకానిక్ ట్రేడ్ నేర్చుకుంటున్న ఐటీఐ పిల్లలు కలిసి కూర్చున్న సభలో ఒక సీనియర్ మెకానిక్ మాట్లాడిన మాటలు. మాట్లాడింది మాట్లాడినట్టే రాసుకున్నాం.)

అందరికీ నమస్కారం. మైకు వెనక దాకా వినిపిస్తోందా? సరే.

నన్ను పిలిచినవాళ్లు ఇంజన్ మిస్సింగ్ మీద, అంటే ఏదో ఒక సిలిండర్ సరిగ్గా మండక ఇంజన్ కొట్టుకుంటూ తిరగడం మీద మాట్లాడమన్నారు. నేను వెంటనే ఒప్పుకున్నాను, ఎందుకంటే మన పనిలో కస్టమర్ డబ్బు అన్యాయంగా పోయేది ఎక్కువగా ఇక్కడే. బ్రేక్ పట్టకపోతే బ్రేక్ చూస్తాం, క్లచ్ జారితే క్లచ్ ప్లేటు మారుస్తాం, అక్కడ పెద్దగా తిరకాసు లేదు. మిస్సింగ్ అట్లా కాదు. ఇవాళ ఉంటుంది, రేపు ఉండదు, మన షెడ్డు ముందు నిలబెడితే చక్కగా తిరుగుతుంది, ఊరు దాటగానే మొదలవుతుంది. అప్పుడు మనం ఏం చేస్తాం? ఫిల్టర్ మారుస్తాం. తగ్గకపోతే సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్స్. ఇంకా తగ్గకపోతే పంపు విప్పి కాలిబ్రేషన్‌కి పంపిస్తాం. ఇది పని కాదు తమ్ముళ్లూ, ఆ డ్రైవర్ జేబుతో ఆడే లాటరీ.

ఒక బండి కథ చెప్తాను. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతర 21 నుంచి 24 దాకా జరిగింది, దానికి రెండు మూడు వారాల ముందు మాట. ములుగు వైపు నుంచి ఒకాయన పాత బొలెరో పికప్ తెచ్చాడు. 2,523 సీసీ డీజిల్, పాత రకం పంపు, కంప్యూటర్ గొడవ లేని ఇంజన్. సీజన్లో ఎనుమాముల మార్కెట్‌కి మిర్చి బస్తాలు తోలుతాడు, జాతరప్పుడు బెల్లం తోలుతాడు. బెల్లం అనొద్దులెండి, అమ్మవార్ల దగ్గరికి పోయేది బంగారమే. ఆ జాతర కిరాయిల మీదే ఆయన ఫైనాన్స్ కిస్తులు ఆధారపడి ఉన్నాయి. బండి దిగుతూనే ఒక పాలిథిన్ సంచి నా చేతిలో పెట్టాడు. అన్నీ బిల్లులే. నాలుగు చోట్ల చూపించాడట, నాజిల్స్ కొత్తవి, పంపు విప్పించాడు, ఫిల్టర్ మూడుసార్లు మార్చాడు, నలభై వేలు దాటింది. "అన్నా, పొద్దుగాల మంచిగ పోతది. లోడు మీద ఇరవై కిలోమీటర్లు పోయినంక కొట్టుకుంటది. ఎవలు జూసినా మంచిగైంది తీస్కపో అంటరు, దారిల మళ్ల అదే కథ" అన్నాడు.

ఇక్కడ నేను చేసిన తప్పు కూడా చెప్పాలి, చెప్పకపోతే ఈ మాటలకు విలువ ఉండదు. ఆయన అంత స్పష్టంగా చెప్పినా నేను షెడ్డులోనే స్టార్ట్ చేసి విన్నాను. బాగానే ఉంది. గాలి పట్టిందేమోనని డీజిల్ లైను ఎయిర్ తీశాను, బోల్టులు బిగించాను, పంపించేశాను. మర్నాడు ఆత్మకూరు దాటాక ఆగిపోయి ఫోన్ చేశాడు. ఆ రోజు నాకు రాత్రి అన్నం సహించలేదు. మనిషి నోరు తెరిచి రోగం ఎప్పుడు వస్తుందో చెప్తున్నాడు, నేను రోగం లేని టైములో నాడి పట్టి చూశాను.

అందుకే మొట్టమొదటి పని పానా పట్టడం కాదు, డ్రైవర్‌ని కూర్చోబెట్టి అడగడం. చల్లగా ఉన్నప్పుడు కొడుతుందా, వేడెక్కాక కొడుతుందా? ఖాళీ బండిలోనా, లోడు మీదనా? ఎప్పుడూ ఒకే రకంగా కొడుతుందా, ఒకసారి బాగుండి ఒకసారి పాడవుతుందా? ట్యాంకులో డీజిల్ తగ్గినప్పుడే వస్తుందా? ఈ మధ్య ఇంజన్ మీద ఏ పని చేయించారు? సైలెన్సర్ నుంచి ఏ రంగు పొగ వస్తోంది? ఈ ప్రశ్నలకు పది నిమిషాలు పడుతుంది, సగం దారి దొరుకుతుంది.

ప్రతి జవాబుకూ ఇంజన్‌లో ఒక అర్థం ఉంది. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ లేదు కదా, మరి డీజిల్ ఎట్లా అంటుకుంటుంది? పిస్టన్ పైకి వచ్చి గాలిని పదిహేను, ఇరవై వంతుల మధ్య చిన్నదిగా నొక్కేస్తుంది. సైకిల్ పంపు కొడితే అడుగు వేడెక్కడం మీరంతా చూసే ఉంటారు, అదే సంగతి ఇక్కడ ఎన్నో రెట్లు. ఆ గాలి వేడి 500 డిగ్రీలు దాటుతుంది. డీజిల్ తనంతట తాను అంటుకోవడానికి 210 డిగ్రీల దగ్గర వేడి చాలు. అంటే సిలిండర్‌లో నొక్కుడు సరిగ్గా ఉండి, డీజిల్ సన్నని తుంపరగా సరైన టైముకు పడితే, అది అంటుకోకుండా ఉండదు. ఒక సిలిండర్ మిస్ కొడుతోందంటే ఆ రెండింటిలో ఒకటి తప్పింది. నొక్కుడు తగ్గిందా? డీజిల్ సరిగ్గా పడలేదా? మీరు చేసే వెతుకులాట అంతా ఈ రెండు ప్రశ్నల మధ్యే.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు కొట్టి, తెల్ల పొగ వదిలి, కాసేపటికి సర్దుకుంటే, చల్ల ఇంజన్‌ని స్టార్టింగ్‌కి వేడిచేసే హీటర్ ప్లగ్ ఉన్న బండికి ముందు అది చూడండి, తర్వాత నొక్కుడు బలహీనమా అని చూడండి. ట్యాంకు తగ్గినప్పుడు కొడితే ట్యాంకులో పైపు, జాలీ. నల్ల పొగ వస్తూ దమ్ము తగ్గితే ముందు ఎయిర్ ఫిల్టర్. పత్తి, మిర్చి తోలే బండ్లలో ఆ ఫిల్టర్ ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు, కానీ అది దమ్ము తీస్తుందే తప్ప ఒక్క సిలిండర్‌ని పట్టుకుని మిస్ కొట్టించదు.

ఇక అసలు పరీక్ష. మిస్ అవుతున్నది ఎప్పుడూ ఒకే సిలిండరా, లేక మారుతోందా? నా అనుభవంలో దీనికంటే విలువైన ప్రశ్న లేదు. పాత పంపు ఉన్న ఇంజన్‌లో ఇది తెలుసుకోవడం తేలిక. ఇంజన్ స్లోలో తిరుగుతుండగా నాజిల్ మీదికి వచ్చే పైపు నట్టు, చాలా బండ్లకు 17 నంబరు పానా పడుతుంది, ఒక్కొక్కటే కాస్త లూజ్ చేయండి. గుడ్డ అడ్డం పెట్టండి. పనిచేస్తున్న సిలిండర్ నట్టు లూజ్ చేస్తే ఇంజన్ సౌండ్ పడిపోతుంది, వణుకు పెరుగుతుంది. చచ్చిన సిలిండర్ నట్టు లూజ్ చేస్తే ఏ తేడా ఉండదు, ముందు ఎట్లా తిరుగుతోందో అట్లాగే తిరుగుతుంది. దొరికింది, అదే. టాటా ఏస్ లాంటి రెండు సిలిండర్ల బండికైతే జాగ్రత్తగా వినండి, బాగున్నదాన్ని లూజ్ చేస్తే ఇంజన్ ఆగిపోతుంది కూడా.

ఇది కామన్ రైల్ బండి మీద, అంటే అన్ని నాజిల్స్‌కీ ఒకే ఉమ్మడి పైపులోంచి ప్రెషర్‌తో డీజిల్ పోయే కంప్యూటర్ బండి మీద చేయొద్దు. ఒట్టు పెట్టి చెప్తున్నాను. కొత్త పికప్‌లలో ఆ పైపులో డీజిల్ వెయ్యి బార్లు దాటిన ప్రెషర్‌లో ఉంటుంది, సన్నగా చిమ్మితే సూదిలాగా చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కంత గాయం కనిపిస్తుంది, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు, లోపల కండ కుళ్లుతుంది, వేళ్లు తీసేయాల్సి రావచ్చు. అట్లా ఎప్పుడైనా జరిగితే కడుక్కుని ఊరుకోకండి, ఆ గంటలోనే ఆసుపత్రికి పోయి డీజిల్ ప్రెషర్‌తో లోపలికి పోయిందని స్పష్టంగా చెప్పండి. పాత బండ్లలో కూడా నాజిల్ చిమ్మే చోట చెయ్యి పెట్టకూడదు. కామన్ రైల్ బండికి స్కానర్ పెట్టి ఏ సిలిండర్ వెనకబడుతోందో చూడాలి.

పెట్రోల్, సీఎన్జీ పికప్‌లకు కూడా లెక్క ఇదే, పనిముట్టే వేరు. స్కానర్‌లో పీ 0300 వస్తే మిస్సింగ్ అక్కడక్కడా తిరుగుతోందని, పీ 0301 వస్తే ఒకటో సిలిండర్, 0302 అయితే రెండోది. ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్‌ని పక్క సిలిండర్‌కి మార్చి చూడండి, కోడ్ నంబరు దాని వెంట పోతే కాయిల్ దోషం. గ్యాస్ మీద కొట్టి పెట్రోల్ మీద బాగుంటే ముందు ప్లగ్గులు చూడండి, గ్యాస్ అంటుకోవడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి కాబట్టి అరిగిన ప్లగ్గు అక్కడే ముందు బయటపడుతుంది. ఎలుకలు కొరికిన వైర్లు కూడా చూడండి.

మిస్సింగ్ స్థిరంగా ఒక చోట లేకుండా తిరుగుతుంటే నాజిల్స్ జోలికి పోవద్దు. నాలుగు నాజిల్స్ ఒకేసారి వంతులవారీగా పాడు కావు. నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నది ఏమిటి? డీజిల్ లైను. నీళ్లు కలిసిన డీజిల్, మూసుకున్న ఫిల్టర్, లైన్‌లో గాలి. కోతల సీజన్లో డబ్బాల్లో డీజిల్ తెచ్చి పోస్తారు, వానాకాలంలో ఆ డబ్బాల్లో నీళ్లు ఎట్లా చేరతాయో తెలియదు, చేరతాయి. ఫిల్టర్ కింద నట్టు విప్పి ఒక గాజు సీసాలోకి వదిలి పది నిమిషాలు పెట్టండి, నీళ్లుంటే కిందికి దిగిపోయి గీత కనిపిస్తుంది.

గాలి సంగతికొస్తే మనం పొరపాటు పడే చోటు ఒకటి ఉంది. లీకు అంటే కారాలి అనుకుంటాం. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న పైపు డీజిల్‌ని పీల్చుకునే పైపు. దానికి వెంట్రుకంత పగులు ఉంటే చుక్క బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. పైపు పొడిగా ఉంటుంది, చెయ్యి పెడితే తడి ఉండదు, బాగుందని వదిలేస్తాం. ఫిల్టర్‌కి పోయే చోట ఒక జానెడు పారదర్శకమైన ప్లాస్టిక్ పైపు పెట్టి ఇంజన్ తిప్పి చూడండి, బుడగలు కళ్ల ముందే పోతుంటాయి. వేసవిలో రబ్బరు పైపులు గట్టిపడి క్లిప్పు దగ్గర చీలతాయి, రాగి వాషర్లు పాతవే మళ్లీ మళ్లీ వేస్తే అక్కడా పీలుస్తుంది. యాభై, వంద రూపాయల సామాను. దానికి పంపు విప్పినవాళ్లను చూశాను.

మన పికప్ దగ్గరికి వద్దాం. రెండోసారి నేను తెలివి తెచ్చుకున్నాను. బస్తాల లోడు ఎక్కించమన్నాను, పక్కన కూర్చున్నాను, ములుగు రోడ్డు పట్టాం. ఆయన చెప్పినట్టే, ఇరవై కిలోమీటర్లు దాటాక మొదలైంది. స్టీరింగ్ వణుకుతోంది, మూడో గేర్లో లాగడం లేదు. మల్లంపల్లి దాటనీయకుండా పక్కకు ఆపించి, ఇంజన్ ఆపకుండా బానెట్ ఎత్తాను. స్లోలో కూడా కొడుతోంది, సైలెన్సర్ దగ్గర కళ్లు మండే పచ్చి డీజిల్ వాసన. పైపులు ఒక్కొక్కటే లూజ్ చేశాను. ఒకటి, రెండు, నాలుగు, సౌండ్ పడిపోతోంది. మూడో దానికి తేడా లేదు. మళ్లీ చేశాను, మళ్లీ మూడోదే.

అక్కడే ఆయన ముఖంలోకి చూసి "దొరికింది" అన్నాను, కానీ దొరికింది చోటు మాత్రమే, కారణం కాదు. షెడ్డుకు తెచ్చి మూడో నాజిల్ తీసి ఒకటో దాంట్లో, ఒకటోది మూడో దాంట్లో వేశాం, కొత్త రాగి వాషర్లతో. మిస్సింగ్ నాజిల్ వెంట ఒకటో సిలిండర్‌కి పోతే నాజిల్‌దే తప్పు. పోలేదు. వేడెక్కాక మూడులోనే ఉంది. పైసా ఖర్చు లేకుండా నాజిల్స్ అనుమానం తీరిపోయింది. మూడో పైపు నుంచి డీజిల్ మిగతావాటిలాగే బలంగా వస్తోంది కాబట్టి పంపు మీద కూడా నాకు అనుమానం పోయింది. మిగిలింది నొక్కుడు.

కంప్రెషన్ గేజ్ పెట్టాం, వేడి ఇంజన్ మీదే. ఒకటి, రెండు, నాలుగు సిలిండర్లు ఇంచుమించు ఒకే చోట నిలబడ్డాయి, మూడో సిలిండర్ నాలుగో వంతు తక్కువ. సిలిండర్ల మధ్య పది, పదిహేను శాతం దాటి తేడా ఉంటే ఊరుకోకూడదు. పక్కపక్కన ఉన్న రెండూ కలిసి తగ్గితే హెడ్ గాస్కెట్, అంటే ఇంజన్‌కూ పైనున్న హెడ్డుకూ మధ్య ఉండే సీలు, వాటి మధ్య కాలిందని అనుమానించాలి, ఇక్కడ అట్లా లేదు, ఒక్కటే తగ్గింది. ఇప్పుడు ఆ గాలి ఎటు పోతోంది? మూడో పిస్టన్‌ని కంప్రెషన్‌లో పైకి తెచ్చి, ఇంజన్ తిరగకుండా గేర్‌లో పెట్టి, నాజిల్ రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి ఎక్కించాం. తర్వాత చెవి పెట్టి వినాలి. ఎయిర్ ఫిల్టర్ వైపు బుస్సుమంటే ఇన్‌లెట్ వాల్వ్. ఆయిల్ పోసే మూత దగ్గరైతే రింగులు. రేడియేటర్‌లో బుడగలొస్తే గాస్కెట్. మాకు సైలెన్సర్‌లోంచి వినిపించింది, సన్నగా, ఆగకుండా. పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వ్ పూర్తిగా మూసుకోవడం లేదు.

ట్యాపెట్ కవర్ తీశాం. ట్యాపెట్ అంటే వాల్వ్‌ని నొక్కి తెరిచే చోటు, అక్కడ కాస్త గ్యాప్ ఉండాలి. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ ట్యాపెట్ దగ్గర ఫీలర్ గేజ్, అంటే సందు కొలిచే పల్చటి ఇనుప ఆకులు, పెడితే, మా దగ్గరున్న అన్నిట్లోకీ పల్చటి ఆకు కూడా దూరలేదు. గ్యాప్ సున్నా.

ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ట్యాపెట్ టకటకమని సౌండ్ చేస్తే మనం కంగారుపడి పరుగెత్తుతాం. లూజ్ ట్యాపెట్ సౌండ్ చేస్తుంది, దానివల్ల నష్టం మెల్లగా జరుగుతుంది, అంతలో ఎవరో ఒకరు వింటారు. టైట్ ట్యాపెట్ మాట్లాడదు. ఇంజన్ ముందుకంటే మెత్తగా ఉందని డ్రైవర్ సంతోషపడతాడు కూడా. చల్లగా ఉన్నప్పుడు వాల్వ్ ఎట్లాగో కూర్చుంటుంది, బండి బాగుంటుంది. లోడు మీద వేడెక్కాక వాల్వ్ కాడ పొడుగవుతుంది, ఇనుము వేడికి సాగుతుంది కదా, గ్యాప్ లేదు కాబట్టి ఆ సాగుడుకు చోటు లేక వాల్వ్ సీటు మీద పూర్తిగా కూర్చోదు. నొక్కుడు కారిపోతుంది, మిస్ కొడుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిని వదిలేది ఎక్కువగా సీటుకు ఆనుకున్న ఆ కాసేపట్లోనే. 2,000 ఆర్‌పీఎం మీద అది నిమిషానికి వెయ్యిసార్లు తెరుచుకుని మూసుకుంటుంది. కూర్చోకపోతే వేడి వదలదు, సందులోంచి మంట దూసుకుపోతుంది, అంచు కాలిపోతుంది.

నలుగురు మెకానిక్‌లు ఎందుకు పట్టుకోలేకపోయారో ఇప్పుడు అర్థమైందా? వాళ్లు చేతకానివాళ్లు కాదు. ప్రతి ఒక్కరూ రాత్రి పని ముగించి పొద్దున చల్ల ఇంజన్ స్టార్ట్ చేశారు, బాగుంది, తాము మార్చిన సామానుతోనే బాగైందనుకున్నారు. నేనూ అంతే కదా చేశాను.

(సభలోంచి ఒకరు: అన్నా, గ్యాప్ పెట్టేస్తే అయిపోయినట్టేనా?)

మంచి ప్రశ్న. కంపెనీ మాన్యువల్‌లో చల్ల ఇంజన్‌కు ఎంత చెప్పారో అంత గ్యాప్ పెట్టాం, ఇంజన్ పూర్తిగా చల్లారాక, ఎనిమిది వాల్వులవీ చూసి పెట్టాం. కొలతలు ఇంజన్‌ని బట్టి మారతాయి, ఒక బండిది ఇంకో బండికి పెట్టకండి. మిస్సింగ్ పోయింది. కానీ మళ్లీ గాలి ఎక్కించి వింటే సైలెన్సర్‌లో సన్నటి సౌండ్ ఇంకా ఉంది. అప్పుడు ఆయనకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను, "ఇది తిరుగుతది, జాతర కిరాయిలు కొట్టుకో, లోడు తగ్గించి తోలు, కానీ వాల్వ్ దెబ్బతిన్నది, జాతర అయినంక హెడ్డు దించాలె, ఎందుకు గ్యాప్ పోయిందో అప్పుడు చూద్దాం" అని. తాడ్వాయి దారిలో జాతర రద్దీ ఎట్లా ఉంటుందో తెలుసు కదా, గంటల తరబడి మొదటి గేర్లో పాకడమే. ఆయన తిరిగొచ్చేదాకా నాకు టెన్షనే.

మార్చి మొదట్లో వచ్చాడు, హెడ్డు దించాం. మూడో ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు చిటికెన వేలి గోరంత మేర కాలి ఉంది. సీటు అరిగి వాల్వ్ పైకి మునిగిపోయింది, వాల్వ్ మునిగిన కొద్దీ దాని కాడ, దాన్ని నొక్కే రాకర్ వైపు లేస్తుంది, గ్యాప్ దానంతట అది తగ్గిపోతుంది. అంటే ట్యాపెట్‌ని ఎవరూ తప్పుగా బిగించలేదు, ఏళ్ల తరబడి ఎవరూ చూడలేదు, అంతే. సీటు మార్పించి, వాల్వ్ కొత్తది వేసి, ల్యాపింగ్ చేసి, అంటే వాల్వ్‌నీ సీటునీ ఒకదానికొకటి రుద్ది సరిగ్గా కూర్చునేలా చేసి ఎక్కించాం. మొత్తం ఖర్చు ఆయన అంతకుముందు పెట్టిన దాంట్లో మూడో వంతు కూడా కాలేదు. మనసు కలుక్కుమన్నది ఏమిటంటే, తీసేసిన పాత నాజిల్స్ ఆయన సీటు కిందే ఉన్నాయి, పరీక్ష చేయిస్తే నాలుగూ బాగానే చిమ్ముతున్నాయి.

డ్రైవరన్నలకు ఒక మాట. తీసేసిన సామాను అడిగి తీసుకోండి, పారేయకండి. బండి ఎప్పుడు కొట్టిందో, ఎంత దూరం పోయాకో, ఎంత లోడుందో ఒక కాగితం మీద రాసుకోండి. ట్యాపెట్ గ్యాప్ చూపించడానికి సౌండ్ వచ్చేదాకా ఆగకండి. మెకానిక్ షెడ్డులో విని "బాగుంది" అంటే ఒప్పుకోకండి, పక్కన కూర్చోబెట్టుకుని తీసుకుపోండి. నేర్చుకుంటున్న పిల్లలకు ఒకటే చెప్తాను, ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు కలిపి మార్చి బండి బాగైతే, ఏది బాగుచేసిందో మీకు ఎప్పటికీ తెలియదు.

బయట చెట్టు కింద మా షెడ్డు బండి ఉంది, పాత పంపుదే. మా పిల్లాడు దాన్ని స్టార్ట్ చేసి అరగంట అయింది, ఇంజన్ వేడి మీద ఉంది, ఒక సిలిండర్ కావాలనే పాడుచేసి పెట్టాను. ఏదో మీరే కనిపెట్టాలి. నలుగురు నలుగురుగా రండి, చేతికి ఉంగరాలు, కడియాలు ఉంటే తీసి జేబులో పెట్టుకోండి, ఫ్యాను దగ్గర చెయ్యి పెట్టకండి. 17 పానా బండి మీదే ఉంది.